మోకాళ్ల అరుగుదల: మాత్రలతో కిడ్నీలకు ముప్పు.. చేతులతో చేసే ఫిజియోథెరపీ ఎంతవరకు పనిచేస్తుంది? ప్రభుత్వ ఆసుపత్రిలో ఎలా పొందాలి?

మెట్లు దిగేటప్పుడు మోకాలు కలుక్కుమంటోందా? కింద కూర్చుని లేవాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తోందా? ఊళ్లో ఉన్న అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా మోకాళ్లు పట్టేస్తున్నాయని చెబుతోందా? ఇలాంటప్పుడు చాలా ఇళ్లలో మొదట జరిగేది ఒకటే. మందుల దుకాణానికి వెళ్లి నొప్పి మాత్ర తెచ్చుకుంటారు. నాలుగు రోజులు హాయిగా ఉంటుంది. మళ్లీ నొప్పి, మళ్లీ మాత్ర. అలా నెలలు, ఏళ్లు గడిచిపోతాయి.

ఎక్కడైనా ఇది మంచి అలవాటు కాదు. శ్రీకాకుళం జిల్లాలో మరీ ప్రమాదం. ఉద్దానం కిడ్నీ వ్యాధి సంగతి తెలిసిన ఎవరికైనా ఆ కారణం అర్థమవుతుంది. మాత్ర లేకుండా మోకాలి నొప్పిని తగ్గించుకునే మార్గాల్లో ఫిజియోథెరపీ ముఖ్యమైనది. అందులో ఫిజియోథెరపిస్టు తన చేతులతో కీలును కదిలించి చేసే చికిత్స ఒక భాగం. దాన్ని మాన్యువల్ థెరపీ అంటారు. అందులో ఏం చేస్తారు, ఎంత ఫలితం ఉంటుంది, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ప్రభుత్వ ఆసుపత్రి ద్వారా ఎలా పొందాలి అన్నది ఇక్కడ చూద్దాం.

అరుగుదల అంటే ఏమిటి?

మోకాలిలో తొడ ఎముక, కింది కాలి ఎముక కలిసే చోట రెండింటి చివర్లకూ నునుపైన మృదులాస్థి పొర ఉంటుంది. మనం వాడుకలో గుజ్జు అనేది దీన్నే. వయసు, అధిక బరువు, పాత గాయాలు, ఏళ్ల తరబడి మోకాళ్లు మడిచి చేసే పనుల వల్ల ఈ పొర పలుచబడుతుంది. దాంతోపాటు ఎముక అంచులు, కీలు చుట్టూ ఉండే పొర, కండరాలు కూడా మారతాయి. వైద్యులు దీన్ని ఆస్టియో ఆర్థరైటిస్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచవ్యాప్తంగా 52.8 కోట్ల మందికి ఈ సమస్య ఉంది. వీరిలో 60 శాతం మంది మహిళలు. అన్ని కీళ్లలోకీ ఎక్కువగా దెబ్బతినేది మోకాలే.

మన దగ్గర పనుల తీరు కూడా మోకాళ్లకు భారమే. వరి నాట్లు, కలుపుతీత, పలాస ప్రాంతంలో జీడిపిక్కల పని, పొందూరులో రాట్నం ముందు కూర్చుని నూలు వడకడం.. గంటల తరబడి మోకాళ్లు మడిచే ఉంటాయి. ఇంటికొస్తే వంట, తిండి, మరుగుదొడ్డి వాడకం కూడా చాలామందికి కిందే.

45 ఏళ్లు దాటిన వ్యక్తికి నడిచినా, మెట్లెక్కినా నొప్పి వస్తూ, పొద్దున లేవగానే ఉండే పట్టేసినతనం అరగంటలోపే తగ్గిపోతుంటే అది అరుగుదలే కావచ్చు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ ఇలాంటి వారికి వ్యాధి నిర్ధారణ కోసం ఎక్స్‌రే తప్పనిసరి కాదంటుంది. ఇంకో సంగతి.. ఎక్స్‌రేలో కనిపించే అరుగుదలకూ నొప్పికీ ప్రతిసారీ పొంతన ఉండదు. ఎక్కువ అరిగినా హాయిగా నడిచేవారున్నారు, కొంచెమే అరిగినా నొప్పితో బాధపడేవారున్నారు. కాబట్టి ఎక్స్‌రే చూసి 'మొత్తం అరిగిపోయింది, ఇక చేసేదేమీ లేదు' అనుకోవద్దు.

ఇక్కడ నొప్పి మాత్రలతో భయం ఎందుకు?

డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ లాంటి మాత్రలు నొప్పిని, వాపును కలిగించే రసాయనాలను అడ్డుకుంటాయి. చిక్కేమిటంటే, కిడ్నీలకు రక్తం తీసుకెళ్లే నాళాలను తెరిచి ఉంచేదీ ఆ రసాయనాలే. వాటిని అడ్డుకుంటే కిడ్నీకి రక్తం తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్నవారు డాక్టరు సలహాతో కొద్ది రోజులు వాడితే సాధారణంగా ఇబ్బంది రాదు. కానీ ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గినవారికి, షుగర్, బీపీ ఉన్నవారికి, బీపీకి కొన్ని రకాల మందులు వాడుతున్నవారికి, ఇప్పటికే కిడ్నీ కొంత దెబ్బతిన్నవారికి ముప్పు బాగా పెరుగుతుంది.

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ వ్యాధి దశాబ్దాలుగా కుటుంబాలను కుంగదీస్తోంది. దీనికి అసలు కారణం ఏమిటన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఈ వ్యాధి బాధితుల కోసమే 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. కిడ్నీ వ్యాధి మొదటి దశల్లో లక్షణాలేవీ కనిపించకపోవచ్చు. అంటే, తన కిడ్నీ ఎలా ఉందో తెలియని మనిషే మోకాలి నొప్పికి రోజూ మాత్ర వేసుకుంటూ ఉండవచ్చు.

అందుకే ఈ ప్రాంతంలో ఎవరికైనా నొప్పి మాత్రలు వరుసగా వాడాల్సి వస్తే ముందు రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించాలా అని డాక్టరును అడగండి. దుకాణంలో అడిగి కొనుక్కోవడం, ఊళ్లో ఎవరో ఇచ్చే పేరు తెలియని ఇంజెక్షన్ చేయించుకోవడం మానేయండి.

చేతులతో ఏం చేస్తారు?

మాన్యువల్ థెరపీ అంటే నూనె రాసి రుద్దడం కాదు. ఫిజియోథెరపిస్టు ముందు మీ నడక చూస్తారు. మోకాలు ఎంతవరకు మడుస్తోంది, ఎంతవరకు చాపగలుగుతున్నారు, ఏ కదలికలో నొప్పి వస్తోంది, తొడ కండరం ఎంత బలంగా ఉంది అన్నవి పరీక్షిస్తారు. తుంటి, చీలమండ, నడుము కూడా చూస్తారు, ఎందుకంటే అక్కడి బిగువు భారం కూడా మోకాలిపైనే పడుతుంది. ఆ తర్వాత అవసరాన్ని బట్టి ఈ పద్ధతుల్లో కొన్నింటిని ఎంచుకుంటారు.

కీలు కదిలించడం: మీరు బల్లపై పడుకుంటే, తొడను ఒక చేత్తో స్థిరంగా పట్టి, కింది కాలి ఎముకను రెండో చేత్తో మెల్లగా ముందుకో వెనక్కో లయగా జరుపుతారు. మోకాలు పూర్తిగా మడవలేకపోతే ఎముకను వెనక్కి, పూర్తిగా చాపలేకపోతే ముందుకు జరపడం సాధారణ పద్ధతి. ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్టు జెఫ్రీ మైట్‌లాండ్ ఈ కదలికలను గ్రేడ్లుగా విభజించారు. నొప్పి ఎక్కువగా ఉన్నప్పుడు 1, 2 గ్రేడ్లలో సున్నితంగా చేస్తారు. నొప్పి కన్నా బిగువు ఎక్కువైతే 3, 4 గ్రేడ్లలో కీలు ఆగిపోయే చోటు వరకు వెళ్తారు.

చిప్పను జరపడం: కాలు చాపి, కండరం వదులుగా పెట్టి ఉంచితే, మోకాలి చిప్పను వేళ్లతో పైకి, కిందికి, పక్కలకు మెల్లగా జరుపుతారు. చిప్ప కిందికి సరిగా జారకపోతే మోకాలు మడవడం కష్టమవుతుంది.

కదలికతో కలిపి చేసేది: న్యూజిలాండ్‌కు చెందిన బ్రయాన్ మల్లిగన్ రూపొందించిన పద్ధతి ఇది. థెరపిస్టు ఎముకను ఒక పక్కకు స్వల్పంగా జరిపి పట్టుకుంటారు. అలా పట్టుకుని ఉండగానే మీరు స్వయంగా మోకాలు మడిచి చాపాలి. ఇందులో అసలు నియమం.. చేస్తున్నప్పుడు నొప్పి రాకూడదు. వస్తే పట్టు మార్చాలి, లేదా ఆపేయాలి.

కండరాల సాగదీత: తొడ ముందు, వెనుక కండరాలు, పిక్క బిగుసుకుపోయి ఉంటే వాటిని చేత్తో వత్తి, మెల్లగా సాగదీస్తారు.

ఇవన్నీ చేసేటప్పుడు కొంచెం లాగినట్టు అనిపించడం మామూలే. ఓర్చుకోలేనంత నొప్పి వస్తే వెంటనే చెప్పండి. 'నొప్పి వస్తేనే నయమవుతుంది' అన్న మాట ఇక్కడ వర్తించదు.

గుజ్జు మళ్లీ పెరుగుతుందా?

పెరగదు. ఏ చేతి చికిత్సా అరిగిన మృదులాస్థిని తిరిగి తేలేదు. అలా చెప్పేవారిని నమ్మవద్దు. ఈ చికిత్స వల్ల నొప్పి కొంతకాలం తగ్గుతుంది, కీలు కదలిక పెరుగుతుంది. నొప్పి తగ్గిన ఆ సమయంలో వ్యాయామం చేసి తొడ కండరాన్ని బలపరచుకోవాలి. కండరం బలపడితే కీలుపై భారం తగ్గుతుంది. వ్యాయామం లేకుండా చేతి చికిత్స మాత్రమే చేయించుకుంటే ఆ ఫలితం నిలవకపోవచ్చు.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

అమెరికా టెక్సాస్‌లోని సైనిక ఆసుపత్రిలో 83 మందిపై చేసిన అధ్యయనం 2000లో వెలువడింది. వారిలో ఒక వర్గానికి వారానికి రెండుసార్లు చొప్పున 4 వారాలు చేతి చికిత్స, వ్యాయామం ఇచ్చారు. మరో వర్గానికి పనిచేయని మోతాదులో అల్ట్రాసౌండ్ ఇచ్చారు. 8 వారాలకు మొదటి వర్గంలో నొప్పి, బిగువు, రోజువారీ పనుల ఇబ్బందిని కొలిచే స్కోరు దాదాపు 56 శాతం మెరుగుపడింది. 6 నిమిషాల్లో నడిచే దూరం 13 శాతం పెరిగింది. ఏడాది తిరిగేసరికి రెండో వర్గంలో 20 శాతం మంది మోకీలు మార్పిడి చేయించుకోగా, మొదటి వర్గంలో అది 5 శాతమే.

2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన మరో అధ్యయనం 156 మందిపై జరిగింది. సగం మందికి ఫిజియోథెరపీ, సగం మందికి మోకాలిలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఇక్కడ స్కోరు ఎంత తక్కువైతే బాధ అంత తక్కువ. రెండు వర్గాలూ దాదాపు 108 దగ్గర మొదలయ్యాయి. ఏడాది తర్వాత ఇంజెక్షన్ వర్గం 55.8కి, ఫిజియోథెరపీ వర్గం 37కి వచ్చాయి. ఇద్దరికీ తగ్గింది, ఫిజియోథెరపీ తీసుకున్నవారికి ఎక్కువ తగ్గింది.

అయితే ఇవన్నీ చేతి చికిత్స, వ్యాయామం కలిపి ఇచ్చిన ఫలితాలని గమనించాలి. 2013లో న్యూజిలాండ్‌లో తుంటి, మోకాలి అరుగుదల ఉన్న 206 మందిపై జరిగిన అధ్యయనంలో చేతి చికిత్సకూ, వ్యాయామానికీ విడివిడిగా మేలు కనిపించింది. రెండూ కలిపితే అదనపు లాభం మాత్రం కనిపించలేదు. నిపుణుల సంఘాల మధ్య కూడా ఏకాభిప్రాయం లేదు. బ్రిటన్ నైస్ సంస్థ 2022 మార్గదర్శకాల ప్రకారం చేతి చికిత్సను వ్యాయామంతో కలిపి మాత్రమే పరిశీలించవచ్చు. అమెరికా కీళ్ల వైద్యుల సంఘమైతే వ్యాయామానికి దీన్ని జోడించాల్సిన అవసరం పెద్దగా లేదంది. అందరూ ఒప్పుకునేది ఒక్కటే.. వ్యాయామం తప్పనిసరి.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఎలా పొందాలి?

శ్రీకాకుళంలో అందరూ రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, 2023లో వైద్య కళాశాల వచ్చిన విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఈ రెండు జిల్లాలకు పెద్ద దిక్కు. దారి సాధారణంగా ఇలా ఉంటుంది.

1. ఓపీ కౌంటరులో చీటీ తీసుకోండి. ఆధార్ కార్డు దగ్గర ఉంచుకోండి. ఆభా నంబరు ఉంటే, క్యూఆర్ కోడ్ ఏర్పాటు చేసిన ఆసుపత్రుల్లో దాన్ని ఫోన్‌తో స్కాన్ చేసి టోకెన్ పొందవచ్చు.

2. ఎముకల విభాగంలో డాక్టరుకు చూపించండి. వాడుతున్న మందులన్నీ, పాత ఎక్స్‌రేలు, కిడ్నీ, షుగర్ రిపోర్టులు తీసుకెళ్లండి. నొప్పి మాత్రలు ఎన్నాళ్లుగా వాడుతున్నారో దాచకుండా చెప్పండి.

3. 'ఫిజియోథెరపీకి రాస్తారా?' అని మీరే అడగండి. రద్దీలో చీటీపై మందులు రాసి పంపేసే అవకాశం ఉంది. అడిగితే ఆ విభాగానికి పంపిస్తారు.

4. అక్కడికి వెళ్లాక మూడు ప్రశ్నలు అడగండి: నాకు ఎన్నిసార్లు రావాల్సి ఉంటుంది? చేతి చికిత్స అవసరమా, వ్యాయామం చాలా? ఇంట్లో చేయాల్సినవి రాసిస్తారా?

ఊరికి దగ్గరలో కూడా అడిగి చూడండి. వృద్ధుల ఆరోగ్యం కోసం కేంద్రం 2010-11లో మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమం మార్గదర్శకాల్లో జిల్లా ఆసుపత్రుల్లో, సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఫిజియోథెరపీ సేవల ప్రస్తావన ఉంది. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలు అందించాల్సిన 12 రకాల సేవల్లో వృద్ధుల సంరక్షణ ఒకటి. అక్కడుండే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్‌ను లేదా మీ ఏఎన్‌ఎంను కలిస్తే ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. అయితే ప్రతి కేంద్రంలో ఫిజియోథెరపిస్టు ఉంటారని అనుకుని బయలుదేరవద్దు. ఏ రోజు ఉంటారో ముందుగా కనుక్కుని వెళ్లండి.

ప్రైవేటుకు వెళ్తే ఒక జాగ్రత్త. చికిత్స చేసే వ్యక్తి ఫిజియోథెరపీలో డిగ్రీ, అంటే బీపీటీ చదివారా అని అడగండి. మసాజ్ చేసేవారు, ఎముకల కట్టు కట్టేవారు ఫిజియోథెరపిస్టులు కారు. ఈ వృత్తిని కూడా చట్ట పరిధిలోకి తెస్తూ పార్లమెంటు 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది.

పదే పదే వెళ్లలేకపోతే?

అసలు ఇబ్బంది ఇక్కడే. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్ల పైమాటే. నెలలో 8 సార్లు వెళ్లి రావాలంటే బస్సు ఖర్చు, కూలి నష్టం, వెంట ఒక మనిషి.. అన్నీ భారమే. దీనికి టెక్సాస్ బృందమే 2005లో చేసిన మరో అధ్యయనం కొంత ఊరటనిస్తుంది. 134 మందిలో ఒక వర్గం ఆసుపత్రికి వచ్చి చేతి చికిత్స, వ్యాయామం తీసుకుంది. మరో వర్గం వ్యాయామాలు నేర్చుకుని ఇంట్లోనే చేసింది, రెండు వారాల తర్వాత ఒకసారి వచ్చి సరిచూసుకుంది. నెల తర్వాత మొదటి వర్గం 52 శాతం, రెండో వర్గం 26 శాతం మెరుగుపడ్డాయి. కానీ ఏడాది తర్వాత చూస్తే రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు, రెండూ మొదటికన్నా మెరుగ్గానే ఉన్నాయి.

అంటే, చేతి చికిత్సతో త్వరగా ఉపశమనం వస్తుంది. దూరం వల్ల అది కుదరకపోయినా, కనీసం రెండుసార్లు వెళ్లి వ్యాయామాలు సరిగా నేర్చుకుని ఇంట్లో వదలకుండా చేస్తే నష్టపోయేది తక్కువే. నేర్పుతున్నప్పుడు అనుమతి అడిగి ఫోన్‌లో వీడియో తీసుకోండి. ఊళ్లో ఉన్న పెద్దవాళ్లకు అది చీటీ కన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది.

సాధారణంగా నేర్పే వ్యాయామాలు ఇవి. మీకు ఏవి సరిపోతాయో, ఎన్నిసార్లు చేయాలో థెరపిస్టు చెప్పాలి.

* కాలు చాపి కూర్చుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ తొడ కండరాన్ని 5 సెకన్లు బిగించి వదలడం.
* వెల్లకిలా పడుకుని ఒక కాలు మడిచి, రెండో కాలును నిటారుగా కొంచెం పైకి ఎత్తి, మెల్లగా దించడం.
* మంచంపై పడుకుని మడమను పిరుదుల వైపు జరుపుతూ మోకాలు మడిచి, మళ్లీ చాపడం.
* ఎత్తైన కుర్చీలో కూర్చుని, వీలైతే చేతుల సాయం లేకుండా లేచి, మెల్లగా కూర్చోవడం.
* గోడకు చేతులు ఆనించి నిలబడి, ఒక కాలు వెనక్కి పెట్టి పిక్కను సాగదీయడం.

మొదట్లో నొప్పి కొద్దిగా పెరగొచ్చు. మర్నాటికి సర్దుకుంటే కొనసాగించవచ్చు. 24 గంటలు దాటినా ఎక్కువగానే ఉంటే, వాపు వస్తే ఆ వ్యాయామం తగ్గించి థెరపిస్టును అడగండి.

ఇంట్లో ఇవి మార్చండి

బరువు ఎక్కువగా ఉంటే తగ్గడం మోకాలికి నేరుగా మేలు చేస్తుంది. ఒక కిలో తగ్గితే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలిపై దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. మరుగుదొడ్డిపై పెట్టుకునే కమోడ్ కుర్చీ, వంటకు నిలబడే గట్టు, కూర్చుని పనిచేయడానికి ఎత్తు పీట పెద్ద ఖర్చు లేని మార్పులు. చేతికర్ర వాడితే నొప్పి ఉన్న కాలికి అవతలి వైపు చేత్తో పట్టుకోవాలి. కుడి మోకాలు నొప్పి అయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. చాలామంది దీన్ని తిరగేసి పట్టుకుంటారు.

ఎప్పుడు చేయించుకోకూడదు?

మోకాలు ఎర్రగా, వేడిగా వాచి జ్వరం ఉంటే, పడిపోయిన తర్వాత కాలు మోపలేకపోతే, పిక్క ఒక్కసారిగా వాచి నొప్పి పెడుతుంటే, రాత్రంతా నొప్పి ఉండి కారణం లేకుండా బరువు తగ్గుతుంటే చేతి చికిత్స వద్దు. వెంటనే డాక్టరును కలవండి. ఎముకలు బాగా గుల్లబారినవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు, మోకీలు మార్పిడి జరిగినవారు ఆ విషయం ముందే థెరపిస్టుకు చెప్పాలి.

ఆపరేషన్ దాకా వస్తే?

వ్యాయామం, ఫిజియోథెరపీ శ్రద్ధగా చేసినా రాత్రి నిద్ర పట్టనంత నొప్పి, ఇంట్లో కూడా నడవలేని పరిస్థితి ఉంటే మోకీలు మార్పిడి గురించి డాక్టరుతో మాట్లాడాలి. ఏ పథకంలో, ఏ ఆసుపత్రిలో చేస్తారో ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటరులోని వైద్యమిత్రను అడగండి, లేదా 104కు ఫోన్ చేయండి. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వర్తించే ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్రం 2024 అక్టోబరు 29న ప్రారంభించింది. ఒక్క విషయం మరిచిపోవద్దు.. ఇది ఆసుపత్రిలో చేరి తీసుకునే చికిత్సకు బీమా. రోజువారీ ఓపీ ఫిజియోథెరపీకి అక్కరకు రాదు, దానికి ప్రభుత్వ ఆసుపత్రి ఓపీయే దారి.

ఈ వారం అమ్మకో నాన్నకో ఫోన్ చేసినప్పుడు రెండు సంగతులు కనుక్కోండి. మోకాలి నొప్పికి ఏ మాత్ర, ఎన్నాళ్లుగా వేసుకుంటున్నారు? కిడ్నీ పరీక్ష చివరిసారి ఎప్పుడు చేయించారు? మాత్ర చీటీ ఫోటో తీసి పంపమనండి. ఆసుపత్రికి వెళ్లినప్పుడు డాక్టరుకు మొదట చూపించాల్సింది అదే.